లోపలి గడియ

ఆ మార్కెట్లో అందరికీ దాహం వేస్తుంది. కత్తెరమ్మకు మాత్రం వెయ్యకూడదు. పొద్దున ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు గొంతు తడుపుకోవడం, అంతే. మళ్లీ సాయంత్రం తమ్ముడు వచ్చి ఆమె చక్రాల కుర్చీని ఇంటికి తోసుకుపోయేదాకా చుక్క ముట్టదు. పక్క కొట్లవాళ్లు టీ తెప్పించుకుంటూ "నీకూ చెప్పమంటావా?" అని అడిగితే "నాకు పడదు" అంటుంది. పడక కాదు. తాగింది ఎక్కడికో పోవాలి కదా, ఆ పోయే చోటు లేదు.

లేదంటే కళ్లు పోతాయి. ఉంది. అసలు ఒళ్లు మండే సంగతే అది. ఆమె కుట్టుమిషన్ దగ్గర కూర్చుని తల ఎత్తితే ఎదురుగా కనిపించేది ఆ తలుపే. మునిసిపాలిటీవాళ్లు మార్కెట్‌ను బాగుచేసినప్పుడు వికలాంగుల కోసమని ప్రత్యేకంగా కట్టిన మరుగుదొడ్డి. ముందు మెట్టు లేదు, గడప లేదు, కుర్చీ సాఫీగా దొర్లిపోయేంత వెడల్పు. తలుపు మీద నీలం బోర్డు, బోర్డు మీద చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి బొమ్మ. ఆ బొమ్మ కిందే గొళ్లెం, గొళ్లానికి పిడికిలంత తాళంకప్ప. కట్టిన రోజు వేసిన తాళం మళ్లీ తీసిందే లేదు అందామంటే అదీ నిజం కాదు. అప్పుడప్పుడు తీస్తారు. చీపుర్లు పెట్టడానికి, బ్లీచింగ్ పొడి బస్తాలు పెట్టడానికి, పాత బ్యానర్లు చుట్టి పెట్టడానికి తీస్తారు. చీపుర్లకున్న యోగం మనుషులకు లేదు.

ఆమెకు కత్తెరమ్మ అనే పేరు టైలరు కాబట్టి వచ్చిందనుకుంటారు కొత్తవాళ్లు. పాతవాళ్లకు తెలుసు, అది ఆమె నోటి వల్ల వచ్చిన పేరు. చిన్నప్పుడే కాళ్లు చచ్చుబడ్డాయి గానీ దేవుడు ఆ లోటంతా నాలుకలో పూడ్చాడని తమ్ముడే అంటాడు. చేతుల్లో పనితనం వేరే. చిరిగిన చోటు ఎక్కడో కుట్టినామెకే తెలియనంత బాగా రఫూ చేస్తుంది. కాలితో తొక్కలేదు గనక మిషన్‌కు చిన్న మోటారు పెట్టించుకుంది. దాని మీటను మోచేత్తో నొక్కేలా బల్ల అంచుకు బిగించిపెట్టింది పక్క కొట్టు తాళాల బాబాయ్.

తాళాల బాబాయ్ గురించి కూడా చెప్పాలి. పోయిన తాళంచెవికి మారుచెవి చెయ్యడం, మొరాయించిన తాళాలు విప్పడం ఆయన పని. ఆ చేతికి లొంగని తాళం ఆ చుట్టుపక్కల లేదు. అందుకే ఒక నియమం పెట్టుకున్నాడు. తాళం ఎవరిదో వాళ్లే వచ్చి అడగాలి. ఇంకెవరు అడిగినా ఆకురాయి పట్టడు. ఈ పని నేర్పిన తండ్రి చేతిలో చెయ్యి వేసి ఒప్పుకున్న మాట అది. సొంత అల్లుడు బీరువా తాళంచెవి పోగొట్టుకుని పరుగెత్తుకొస్తే, "బీరువా మా అమ్మాయిది. దాన్ని రమ్మను" అని తిప్పి పంపిన ఘనుడు. అల్లుడు ఆరునెలలు మొహం చూపించలేదు. ఆయనకు అదేమీ పట్టలేదు.

"ఈ కప్ప నీకొక లెక్కా బాబాయ్? ఒక్కసారి తియ్యి" అని కత్తెరమ్మ మొదట్లో అడిగింది.

"లెక్క కాదమ్మాయ్. కానీ అది మునిసిపాలిటీది. వాళ్లు అడగాలి."

"వాళ్లు అడిగేలోపు నేను పోతాను."

"అలా మాట్లాడకు. వెళ్లి సూపర్‌వైజర్‌ను అడుగుదాం, మనిషి మంచివాడే."

సూపర్‌వైజర్ మంచివాడే. ఇలాంటి మంచివాళ్లతోనే వస్తుంది చావు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకోవచ్చు. ఈయన కసురుకోడు, ఎదురు చెప్పడు, చేతులు కట్టుకుని ఓపిగ్గా అంతా వింటాడు, విని తల ఊపుతాడు. మార్కెట్ మేడ మీద ఆయన ఆఫీసు. కత్తెరమ్మ పైకి పోలేదు గనక ఆయన కిందికి రౌండుకు వచ్చినప్పుడే పట్టుకునేది.

"తెరిచిపెడితే అందరూ వాడేస్తారమ్మా. వాడి పాడుచేస్తారు. మీ కోసమే కదా కట్టింది, మీ కోసమే శుభ్రంగా ఉంచుతున్నాం."

"మా కోసమైతే తాళంచెవి నాకివ్వండి సార్. నేను చూసుకుంటాను."

"ప్రభుత్వ ఆస్తి తాళంచెవి బయటివాళ్లకు ఇవ్వకూడదు. అవసరం పడ్డప్పుడు పైకొచ్చి అడిగితే ఇస్తాంగా."

"పైకొచ్చి?"

"మీరే రానక్కర్లేదు. ఎవరినైనా పంపండి."

మెట్లెక్కగలిగినవాడికి ఆ దొడ్డి అక్కర్లేదు, అక్కరున్నవాడు మెట్లెక్కలేడు. ఇంత సూటి సంగతి ఆయన బుర్రకు ఎక్కలేదు. ఒకరోజు తాళాల బాబాయే పని ఆపుకుని పైకెళ్లాడు. సూపర్‌వైజర్ లేడు, ఫీల్డులో ఉన్నాడట. గుమాస్తాను అడిగితే ఆమె వికలాంగురాలని ధ్రువపత్రం తెమ్మన్నాడట. బాబాయ్ దిగొచ్చి ఆ మాట చెప్పలేక నీళ్లు నమిలాడు.

"కిటికీలోంచి తల బయట పెడితే నేను కనిపిస్తానని చెప్పకపోయావా?" అంది కత్తెరమ్మ. ఆ రోజు అరిచిన అరుపుకు చివరి వరస పళ్ల కొట్టువాడు కూడా బేరం ఆపి విన్నాడు. అరిస్తే ఏమొస్తుంది, గొంతు ఎండడం తప్ప. నీళ్లు తాగడానికి కూడా లేదు.

ఆడవాళ్ల దొడ్డి మరొకటి ఉంది, మూల మీద, ఎత్తు మెట్ల పైన. ఒకసారి ప్రాణం మీదికొస్తే పూలకొట్టు ఆవిడ, పాలకొట్టు ఆవిడ కలిసి ఆమెను ఎత్తుకుని తీసుకెళ్లారు. లోపల ముగ్గురు పట్టే చోటు లేదు. తలుపు తీసే ఉంచి, ఇద్దరూ చెరో చంకలో చెయ్యి వేసి పట్టుకుని, మొహాలు పక్కకు తిప్పుకుని నిలబడ్డారు. బయట వరసలో ఉన్నవాళ్లు "అయ్యో పాపం" అంటూ అంతా చూశారు. ఆ ఇద్దరి మీద ఆమెకు ఇప్పటికీ ప్రేమే. కానీ ఆ రోజే ఒట్టు పెట్టుకుంది, ఇంకోసారి ఇలా వెళ్లనని. ఆ తర్వాత నీళ్లు మానేసింది.

నీళ్లు మానేస్తే ఒళ్లు ఊరుకుంటుందా? మంట మొదలైంది. తర్వాత చలిజ్వరం. మాత్రలు, మళ్లీ మంట, మళ్లీ మాత్రలు. ఈసారి డాక్టరమ్మ మందులు రాయడానికి ముందు కలం పక్కన పెట్టి మాట్లాడింది.

"నువ్వు నీళ్లు తాగకపోతే నేనేం రాసినా దండగే. కిడ్నీ దాకా పాకుతోంది. ఈసారి వస్తే ఆస్పత్రిలో పడుకోబెట్టాలి. ఆ తర్వాత సంగతి నా చేతుల్లో ఉండదు."

ఇంటికొచ్చాక తమ్ముడు ఎదురుగా కూర్చున్నాడు.

"కొట్టు వదిలెయ్యక్కా. ఇంట్లోనే కుట్టుకో. నేను బట్టలు తెచ్చిపెడతా."

తమ్ముడు ప్రేమతోనే అన్నాడు. అదే భయం ఆమెకు. ఆ ఇంటి వెనక గదిలోనే కదా ముప్పై ఏళ్లు నిండేదాకా ఉంది. చుట్టాలొస్తే గుమ్మంలోంచి తొంగి చూసి, నిట్టూర్చి, వంటింట్లోకి పోయి గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు. కొట్టులో ఎవరూ నిట్టూర్చరు. "జిప్పు ఇంకా వెయ్యలేదా, రేపు మా వాడి పరీక్ష!" అని మీదికొస్తారు. ఆమె కూడా ఊరుకోదు, "మొన్న తేవాల్సింది నిన్న తెచ్చి నా మీద పడతారేం!" అని తిరిగి ఎగురుతుంది. ఇంట్లో ఆమె అందరికీ ఒక బరువు. ఇక్కడ టైలరు. ఆ గదిలోకి తిరిగి పోవడమంటే ఈ టైలరును చంపుకోవడమే.

"ఇంకొక్కసారి చూద్దాంరా" అంది.

"సరే. మళ్లీ జ్వరమొస్తే మాత్రం నేను వినను. షట్టర్ దించేస్తా. నువ్వు తిట్టినా దించేస్తా."

"దించెయ్. తిట్టనులే" అని మాటిచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది, చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు వాడు, కళ్లలో నీళ్లు పెట్టుకుని.

అలాంటి సమయంలో సూపర్‌వైజర్ పిలవకుండానే కొట్టుకొచ్చాడు, మొహమంతా నవ్వు చేసుకుని.

"అమ్మా, మీకొక శుభవార్త. మన మార్కెట్‌ను బహుమతికి పరిశీలిస్తున్నారు. అందరికీ అందుబాటులో ఉన్న మార్కెట్ అని. ఎల్లుండి కమిటీ వస్తుంది. ఆ మరుగుదొడ్డిని మీ చేతుల మీదుగా ప్రారంభిద్దామని నా ఆలోచన. రిబ్బన్ మీరే కత్తిరించాలి. మీకంటే కత్తెర పట్టడం ఎవరికొచ్చు చెప్పండి?"

"కత్తిరించాక?"

"కత్తిరించాక ఇంకేముంది, మీదే. ఆ రోజునుంచి తెరిచే ఉంటుంది."

"ఆ రోజు పొద్దుటినుంచా, సాయంత్రంనుంచా?"

"పొద్దుటినుంచే అమ్మా! నా మాట మీద నమ్మకం లేదా? కాస్త లేతరంగు బట్టలు వేసుకు రండి, ఫోటోలో బాగా పడతారు."

నమ్మకం లేదు. అయినా నమ్మింది. నమ్మక గతిలేనివాళ్ల నమ్మకం ఎలా ఉంటుందో, అలా నమ్మింది.

ఎల్లుండి రానే వచ్చింది. కత్తెరమ్మ ఎప్పుడూ వేసుకునే ముదురురంగులు మాని, పెట్టె అడుగునుంచి లేత పసుపు బట్టలు తీసి కట్టుకుంది. కొట్టు తెరవగానే చేసిన మొదటి పని నీళ్లు తాగడం. సీసా ఎత్తి గటగటా తాగింది. ఆగి ఊపిరి పీల్చుకుని మళ్లీ తాగింది. చల్లటి నీళ్లు గొంతులో దిగుతుంటే కళ్లు మూసుకుంది. మనుషులు రోజూ ఇలా తాగుతారు కాబోలు, తలుచుకోకుండానే. పూలకొట్టు ఆవిడ టీ తెప్పిస్తే అదీ తాగింది. తాళాల బాబాయ్ కళ్లద్దాలు పైకి తోసుకుని చూశాడు.

"ఏమిటమ్మాయ్, ఇవాళ బావి ఖాళీ చేస్తున్నావు?"

"ఇవాళనుంచి నేనూ మీలాంటిదాన్నే బాబాయ్."

ఎదురుగా తలుపు తళతళలాడుతోంది. చీపుర్లు, బస్తాలు ఎక్కడికో పోయాయి. గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బన్. రిబ్బన్ వెనక, గొళ్లానికి, అదే తాళంకప్ప. దాన్నీ తుడిచారు, మెరుస్తోంది.

"సార్, తాళం ఉందేమిటి?" అంది సూపర్‌వైజర్ కనిపించగానే.

"ఇప్పుడే కడిగించానమ్మా. నా పెళ్లికి కూడా ఇంత శుభ్రం చేయించలేదు మా ఇంటిని. వాళ్లొచ్చి చూసేదాకా ఎవరూ అడుగు పెట్టకూడదు. టైల్స్ మీద చుక్క నీరు కనిపించకూడదు."

"పొద్దుటినుంచే అన్నారు."

"ఎంతసేపు అమ్మా, బయలుదేరారట, దారిలో ఉన్నారు" అని తాళంచెవి జేబులో వేసుకుని, అతిథులకు ఎదురెళ్లడానికి రోడ్డు మలుపు దగ్గరికి వెళ్లిపోయాడు.

దారిలో ఉన్నవాళ్లు దారిలోనే ఉన్నారు. ఎండ ముదిరింది. కత్తెరమ్మ ఒక పంట్లాం అంచు కుట్టింది, ఇంకొకటి మొదలుపెట్టింది, కుట్టు వంకర పోయింది. విప్పి పక్కన పడేసింది. పొత్తికడుపు రాయిలా బిగుసుకుంది. పెదవి కొరుక్కుంది. ఇవాళ ఒట్టు గిట్టు ఏమీ లేదు, ఎత్తుకుపోయినా పోతానని పూలకొట్టు ఆవిడను పిలిచింది.

"ఆ మూల దొడ్డి కూడా మూసేశారు తల్లీ" అందావిడ. "కమిటీ చూసేదాకా తియ్యరట. మేమంతా పైన ఆఫీసు దాంట్లోకి పోతున్నాం."

పైన. ఆ మెట్లు కుర్చీతో సహా మోసుకెళ్లాలంటే ఎంతమంది కావాలి, ఎంతసేపు పడుతుంది? అంతసేపు తన దగ్గర లేదు.

"బాబాయ్" అని పిలిచింది. ఆ గొంతు ఎప్పుడూ వినలేదాయన. చేతిలో పని వదిలేసి వచ్చాడు.

"తాళం తియ్యి బాబాయ్. నీ కాళ్లు పట్టుకుంటా."

ఆయన తలుపు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. పనిముట్ల పెట్టె తెచ్చాడు. తాళంకప్పను చేతిలోకి కూడా తీసుకున్నాడు. ఒక్క తిప్పు తిప్పితే చాలు. అక్కడ ఆగిపోయాడు. ఒక బతుకంతా ఆ చేత్తో పరాయి తాళం తియ్యలేదు. ఆ అలవాటు వేళ్లలోకి పాకిపోయి ఉంది.

"నేను పరుగెత్తుకెళ్లి ఆయన్ను పిలుచుకొస్తానమ్మాయ్. ఇదిగో వచ్చేశా. కాస్త ఓర్చుకో" అన్నాడు.

"వద్దు బాబాయ్! వెళ్లకు! తియ్యి!"

ఆయన అప్పటికే మలుపు వైపు పరుగెడుతున్నాడు, ఆ వయసులో, చెప్పు జారిపోతున్నా ఆగకుండా. మంచితనం కొద్దీ పరుగెత్తాడు. ఏం చేసుకోను ఈ మంచితనాలన్నిటినీ, అనుకుంది కత్తెరమ్మ. పళ్లు బిగించింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. తలుపు మీద బొమ్మను చూస్తూ ఓర్చుకుంది, ఓర్చుకుంది. ఇంక ఓర్వలేని చోట శరీరం ఆమె మాట వినడం మానేసింది.

వెచ్చగా మొదలై కుర్చీ గుడ్డంతా తడిసి, అంచుల మీదుగా కారి, నేల మీద పాకింది. లేత పసుపు రంగు మీద తడి దాగదు. పూలకొట్టు ఆవిడ చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. ఎవరో చప్పున తల తిప్పుకున్నారు. కత్తెరమ్మకు ఆ క్షణాన చచ్చిపోవాలనిపించింది. మిషన్ మీద తల ఆనించి, రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. పసిపిల్లకు కూడా ఎవరో ఒకరు ఉంటారు చెప్పడానికి, ఫరవాలేదని. నలభై దాటిన ఆడమనిషికి ఏమని చెబుతారు?

అప్పుడే మలుపు వైపునుంచి మాటలు, నవ్వులు వినిపించాయి. కమిటీ వచ్చింది. ముందు సూపర్‌వైజర్, వెనక మెడలో కార్డులు వేసుకున్న నలుగురైదుగురు, ఒకతని చేతిలో కెమెరా. అందరికంటే వెనక ఆయాసపడుతూ తాళాల బాబాయ్. "సార్, తాళంచెవి, సార్, ఒక్కమాట" అంటూనే ఉన్నాడు. ఆయన మాట ఎవరూ వినిపించుకోవడం లేదు.

సూపర్‌వైజర్ చూశాడు. ముందు ఆమెను, తర్వాత నేలను. మొహం పాలిపోయింది. రెండంగల్లో ఆమె వెనక్కొచ్చి కుర్చీ పిడులు పట్టుకున్నాడు.

"ఎవరైనా రండయ్యా, ఈమెను పక్కకు తీసుకెళ్లండి. వెనక్కి, వెనక్కి" అని గొంతు తగ్గించి అన్నాడు.

వెనక్కి. ఆ మాట చెవిన పడగానే ఏడుపు ఆగిపోయింది. వెనక గది గుర్తొచ్చింది, గుమ్మంలోంచి తొంగిచూసే మొహాలు గుర్తొచ్చాయి. సిగ్గు ఎక్కడుండేదో అక్కడికి కోపం వచ్చి కూర్చుంది. ఆమె చెయ్యి జాపి చక్రాల బ్రేకు నొక్కింది, ఒకటి, రెండోది. సూపర్‌వైజర్ తోశాడు. కుర్చీ కదల్లేదు.

"చెయ్యి తీయండి సార్" అంది. "రిబ్బన్ నేనే కత్తిరించాలన్నారుగా. ఇక్కడే ఉంటాను."

కమిటీ పెద్ద ఒక నడివయసు ఆవిడ. దూరంనుంచి ఆమెకింకా ఏమీ అర్థం కాలేదు. చల్లగా నవ్వుతూ దగ్గరికొచ్చి, నేర్చుకొచ్చిన ప్రశ్న అడిగింది.

"ఈ సౌకర్యం మీకు ఉపయోగపడుతోందా అమ్మా? మీ అభిప్రాయం చెప్పండి."

"నా అభిప్రాయం మీ కాళ్ల దగ్గరే ఉంది మేడమ్. చూసి అడుగెయ్యండి."

ఆవిడ కిందికి చూసి, చప్పున ఒకడుగు వెనక్కి వేసింది.

"పొద్దున నీళ్లు తాగాను. తెరిచి ఉంచుతామంటే నమ్మి తాగాను" అంది కత్తెరమ్మ. "మీరు చూసేదాకా ఎవరూ వాడకూడదట. మీరు చూడటానికి కట్టారా దీన్ని, నేను వాడటానికి కట్టారా? అదిగో, బొమ్మ నాది. తాళం ఆయనది. వీధి కుక్కక్కూడా ఒక చెట్టు ఉంటుంది మేడమ్. నాకు ఈ కుర్చీ ఉంది."

కెమెరా అతను కెమెరా దించాడు. పెద్దావిడ సూపర్‌వైజర్ వైపు తిరిగింది. ఆయన అప్పటికే రిబ్బన్‌ను పక్కకు లాగి తాళం తీసి తలుపు బార్లా తెరిచాడు. "చూడండి మేడమ్, అన్నీ కొత్త టైల్స్, పట్టుకోవడానికి కడ్డీలు, అన్నీ ఉన్నాయి" అన్నాడు. వాళ్లు తడి తొక్కకుండా అంచున నిలబడి మెడలు సాచి చూశారు. ఒకాయన బాగుందన్నాడు. పెద్దావిడ మాత్రం ఎక్కువసేపు నిలబడలేదు. అందరూ చేపల వరస వైపు నడిచారు.

వాళ్ల వెనకే పోబోతూ సూపర్‌వైజర్ ఒక పని చేశాడు. చూసినవాళ్లు చెబితే నమ్మరు. తలుపు దగ్గరగా వేసి, గొళ్లెం పెట్టి, తాళం నొక్కి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పగబట్టి కాదు. ఆ చేతికి అదే అలవాటు. ఏం చేశాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

తాళాల బాబాయ్‌కి తెలిసింది. ఆయన ఆ కప్పను చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వచ్చి కుర్చీ ముందు, ఆ తడిలోనే, మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అమ్మాయ్. ఆ తాళం ఎవరిది?"

ఆమె ముక్కు తుడుచుకుని ఆయన వైపు చూసింది. ఇందాక తాళం తియ్యకుండా ఆగిపోయిన చేతులు. తిట్టాలనుకుంది, కత్తెరమ్మ దగ్గర తిట్లకు కరువా? కానీ ఆయన అడుగుతున్నది ఏమిటో అర్థమైంది.

"తలుపు మీద బొమ్మ చూడు బాబాయ్. అందులో ఉన్నది ఎవరు?"

"నువ్వే."

"మరి నాదే. నా తాళం. నేనే వచ్చి అడుగుతున్నా. తియ్యి."

ఆయన లేచాడు. ఒక్క తిప్పు. కప్ప ఊడి చేతిలో పడింది. దాన్ని జేబులో వేసుకోలేదు, పారెయ్యలేదు. తన కొట్టు ముందు పాత తాళాలు వేలాడదీసే తీగకు తగిలించాడు. అమ్మకానికి.

పూలకొట్టు ఆవిడ పొడి బట్టలు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. కత్తెరమ్మ బ్రేకులు వదిలి, తన చేతులతో తనే చక్రాలు తిప్పుకుంటూ లోపలికి వెళ్లింది. కుర్చీ తడి చక్రాలు ఆ మెరిసే టైల్స్ మీద రెండు చారలు గీశాయి. లోపల చల్లగా ఉంది. కడ్డీలు నిజంగానే సరైన ఎత్తులో ఉన్నాయి. కుళాయి తిప్పితే నీళ్లొచ్చాయి. కుర్చీ తిప్పుకుని, తలుపు దగ్గరగా వేసి, గడియ పెట్టుకుందామని చెయ్యి చాపింది.

గడియ లేదు.

పైన చూసింది, కింద చూసింది. లేదు. ఊడిపోయిన గుర్తు కూడా లేదు, మేకు పడ్డ కన్నం లేదు. తలుపు లోపలి వైపంతా నున్నగా, రంగు వేసి ఉంది. బయట అంత పెద్ద గొళ్లెం, పిడికిలంత తాళం. లోపల ఏమీ లేదు. ఇంత ఖర్చు పెట్టి కట్టినవాళ్లలో, రంగులు వేసినవాళ్లలో, సరిచూసి సంతకాలు పెట్టినవాళ్లలో ఒక్కడికైనా తట్టలేదు, లోపల మనిషి ఉంటుందని. చీపురుకు గడియ ఎందుకు? పొద్దుటినుంచి పడ్డ కోపమంతా ఒక ఎత్తు, ఆ నున్నటి తలుపు చూస్తే వచ్చిన కోపం ఒక ఎత్తు. పిడికిలితో తలుపును ఒక్క గుద్దు గుద్దింది. చెయ్యి నొప్పెట్టింది.

"ఏమైందమ్మాయ్?" అని బాబాయ్ బయటనుంచి కంగారుగా అడిగాడు. తలుపుకు వీపు ఆనించి కాపలా నిలబడి ఉన్నాడాయన.

"ఏం లేదు. అలాగే నిలబడు. బయటికొచ్చాక చెబుతా."

బట్టలు మార్చుకుని బయటికొచ్చి చెప్పింది. ఆయన నమ్మలేక లోపలికెళ్లి తలుపు లోపలి వైపంతా అరచేత్తో తడిమి చూశాడు. నేరుగా కొట్టుకెళ్లి, ఉన్న గడియల్లో మంచి ఇత్తడిది ఏరి తెచ్చాడు.

"కూర్చుని చెయ్యి చాపు. ఎక్కడికి అందితే అక్కడ బిగిస్తా."

సాయంత్రం వచ్చిన తమ్ముడికి సంగతంతా ముందే చేరిపోయింది. మార్కెట్లో మాట దాగుతుందా? మొహం ఎర్రగా చేసుకుని, పళ్లు నూరుతూ వచ్చి, కొట్టు షట్టర్ మీద చెయ్యి వేశాడు.

"చాలక్కా. ఇంక ఒక్కరోజు కూడా ఇక్కడ కూర్చోవు నువ్వు."

"జ్వరమొస్తే కదరా దించమంది? రాలేదు" అంది కత్తెరమ్మ. "రేపు వచ్చేటప్పుడు కొట్లో పెద్ద సీసాలున్నాయేమో చూడు. ఇది సరిపోవడం లేదు."

మర్నాడు మధ్యాహ్నం ఆ తలుపు మీద దబదబా దెబ్బలు పడ్డాయి. ఎవరో బయటనుంచి లాగారు, ఊపారు. ఇత్తడి గడియ కదిలింది గానీ ఊడలేదు.

"ఎవరది లోపల?" సూపర్‌వైజర్ గొంతు. ఓపికంతా ఎక్కడ పోయిందో, గట్టిగా అరుస్తున్నాడు. "తాళం ఎవరు తీశారు? ఎవరి పర్మిషన్‌తో తీశారు? బయటికి రండి! బస్తాలు పెట్టాలి!"

కత్తెరమ్మ తొందరపడలేదు. చేతులు కడుక్కుంది. అవసరం లేకపోయినా మోచేతుల దాకా కడుక్కుంది. కుర్చీని తలుపు వైపు తిప్పుకుంది. గడియ మీద చెయ్యి వేసింది గానీ తియ్యలేదు.

"లోపల మనిషి ఉంది" అంది. "ఆగు."

ఆయన ఆగాడు.